తొమ్మిదింపావు బ్యాచ్: ఒక మోకాలి కేసు, నా తప్పులతో సహా

ఫిజియోథెరపీలో నాకిది పంతొమ్మిదో ఏడు. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్‌లో చిన్న క్లినిక్, రెండు మంచాలు, ఒక కరెంటు మెషీను, నాలుగు కుర్చీలు. మోకాళ్ళ కేసులు రోజుకి నాలుగైనా వస్తాయి కాబట్టి వాటి గురించి కూర్చుని రాయాలని ఎప్పుడూ అనిపించదు. ఇది మాత్రం రాయాలనిపించింది, ఎందుకంటే ఇందులో నేను క్లినిక్‌లో చేసింది సగమే, మిగతా సగం ఐదుగురు ఆడవాళ్ళు రాత్రి తొమ్మిదింపావుకి రోడ్డెక్కి చేశారు, మధ్యలో నేను దాన్ని ఒకసారి చెడగొట్టాను కూడా. ఆవిడ సరే అన్నాకే రాస్తున్నాను. పేరు, షాపు ఉన్న వీధి రాయను. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

మొదటి రోజు

2024 జనవరి, సంక్రాంతి వెళ్ళిన వారం. వయసు 52. భర్తతో కలిసి కర్రీ పాయింట్ నడుపుతారు. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ హైదరాబాదులో. ఏడాదిన్నరగా కుడి మోకాలు నొప్పి, ఆర్నెల్లుగా మెట్లు దిగేటప్పుడు మరీ ఎక్కువ, పొద్దున లేవగానే ఒక పది నిమిషాలు బిగుసుకుపోయినట్టుండి తర్వాత సర్దుకుంటోంది. ఎముకల డాక్టరుకి చూపించుకున్నారు, ఎక్స్‌రే చేతిలో ఉంది. "గుజ్జు అరిగిపోయిందట మేడమ్. కరెంటు పెట్టండి, తగ్గిపోతుందన్నారు" అని కుర్చీలో కూర్చోకముందే చెప్పేశారు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టించుకోవడమే. పది రోజులు పెడితే ఎంత, అందులో ఎంత తగ్గిస్తారు, అదీ మాట.

ఎక్స్‌రేలో అరుగుదల గ్రేడ్ 2, అంటే ఎముక అంచుల్లో చిన్న చిన్న ముళ్ళు వచ్చి, సందు కాస్త తగ్గడం మొదలైంది, ఆపరేషన్ మాటెత్తే దశ కాదు. మోకాలి లోపలి పక్క నొక్కితే నొప్పి. మడిస్తే 115 డిగ్రీల దగ్గర ఆగిపోతోంది, పైన చెయ్యేసి మడిపిస్తే కరకరమంటోంది. వాపు లేదు. తొడ ముందు కండరం రెండు కాళ్ళకీ బలహీనమే, కుడివైపు ఇంకా ఎక్కువ. నొప్పి పదికి ఎంత అంటే "ఆరు వేసుకోండి" అన్నారు, కూరకి రేటు చెప్పినట్టు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు, బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క, 32.5. మనవాళ్ళకి 25 దగ్గరే ఊబకాయం లెక్క మొదలవుతుంది. నడుము చుట్టుకొలత 98 సెంటీమీటర్లు, మన ఆడవాళ్ళకి హద్దు 80. బీపీకి ఒక మాత్ర వాడుతున్నారు, ఆ రోజు 138/86. ఫైల్లో ఉన్న రిపోర్టులో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు, 6.2. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, 6.5 వస్తే షుగర్ వచ్చినట్టే. ఆవిడకి మాత్రం "బోర్డర్‌లో ఉందన్నారు" అన్నంత వరకే తెలుసు, బోర్డర్ అంటే ఇవతలే కదా అని ధైర్యంగా ఉన్నారు.

రెండు పరీక్షలు చేయించాను. ఒకటి, చేతులు గుండెల మీద పెట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూడటం. ఎనిమిదిసార్లు. అరవై దాటిన ఆడవాళ్ళకే పన్నెండు కంటే తగ్గితే తక్కువ కింద లెక్క, ఈవిడకి యాభై రెండు. రెండోది ఆరు నిమిషాల నడక. దీనికి 30 మీటర్ల వరండా ఉండాలి, నాకు లేదు, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్లు బయటికి వెళ్ళాక 20 మీటర్లు సుద్దముక్కతో గీసుకుంటాను. మలుపులు ఎక్కువవుతాయి కాబట్టి దూరం కాస్త తగ్గి వస్తుంది, అందుకని పుస్తకంలో అంకెలతో పోల్చను, అదే మనిషిని అదే సెల్లార్‌లో మళ్ళీ నడిపించి పోల్చుకుంటాను. ఆ రోజు 312 మీటర్లు. నాలుగో నిమిషంలో ఒకసారి స్తంభం పట్టుకుని నిలబడ్డారు.

అప్పుడే వాకింగ్ మాట తీశాను. ఆవిడ నవ్వారు. "పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదింటి దాకా నా కాళ్ళ మీదే ఉంటాను మేడమ్, మళ్ళీ ప్రత్యేకంగా నడవడం దేనికి?"

ఈ ప్రశ్న నాకు టీచర్లు వేశారు, నర్సులు వేశారు, బట్టల షాపుల్లో నిలబడే అమ్మాయిలు వేశారు. నిలబడటం వేరు, నడవడం వేరు. నిలబడితే అదే బరువు అదే చోట గంటల తరబడి పడుతుంది, పిక్క కండరం పనిచేయదు, కాళ్ళు నీరు దిగుతాయి. నడిస్తే బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతూ ఉంటుంది, గుజ్జుకి రక్తనాళాలు లేవు కాబట్టి దానికి తిండి అందేది ఆ నొక్కుడు, వదులుడు వల్లే, తడి స్పాంజిని పిండి వదిలినట్టు. వంటగదిలో రెండడుగులు ఇటు, రెండడుగులు అటు వేస్తే గుండె వేగం పెరగదు. ఇదంతా చెప్పాను, తల ఊపారు. తర్వాత, మామూలుగా నేను చివర్లో అడిగే ప్రశ్న అడిగాను, మోకాలు బాగైతే ఏం చేయాలనుంది అని. ఆలోచించకుండానే చెప్పారు: "కొండ ఎక్కాలి. పెద్దాడికి ఉద్యోగం వస్తే నడిచి వస్తానని మొక్కుకున్నాను. వాడికి ఉద్యోగం వచ్చి మూడేళ్ళయింది."

అలిపిరి దారిలో 3550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల చిల్లర. ఫైల్లో రాసుకున్నాను, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

నేను రాసిచ్చిన చీటీ

ఆ రోజు రాసిచ్చింది ఇది: తొడ కండరానికి మూడు వ్యాయామాలు, రోజూ 45 నిమిషాలు వాకింగ్, ఉదయం వేళ మంచిది, లక్ష్యం 10,000 అడుగులు. ఆ ఆఖరి ముక్క గురించి తర్వాత చెప్తాను. ఫిజీషియన్ని అడిగి ఈసీజీ తీయించమన్నాను, బాగానే ఉంది. ఆరు సిట్టింగులు వచ్చారు, నొప్పి కాస్త తగ్గింది, తర్వాత రావడం మానేశారు.

ఆరు వారాల తర్వాత మా ఇంట్లో వంట మనిషి రాకపోతే కూర కోసం వాళ్ళ షాపుకే వెళ్ళాను. మధ్యాహ్నం పన్నెండున్నర. ముందు గదిలో భర్త కాటా దగ్గర, వెనక గదిలో ఈవిడ. నన్ను చూసి దొంగతనం బయటపడ్డట్టు మొహం పెట్టారు. నేను లోపలికి వెళ్ళి ఒక పక్కన నిలబడ్డాను, ఒక అరగంట ఊరికే చూశాను. క్లినిక్‌లో ఆ ఆరు సిట్టింగుల్లో తెలియనిది ఆ అరగంటలో తెలిసింది.

గచ్చు తడి. కాళ్ళకి అరిగిపోయిన హవాయి చెప్పులు, మడమ దగ్గర పలకలా పల్చబడి జారుతున్నాయి, జారకుండా ఉండటానికి కాలివేళ్ళు బిగబట్టి నిలబడుతున్నారు. కుడి చేత్తో గరిటె, అందుకని ఒళ్ళంతా కుడివైపే వాలి ఉంది. గుత్తివంకాయ కూర కవర్లో పోసి, మెడ దగ్గర మెలితిప్పి, దారం రెండు చుట్లు చుట్టి కొస లాగడం, ఒక్కో ప్యాకెట్‌కి నాలుగు సెకన్లు, ఆ నాలుగు సెకన్లూ ఎడమ కాలు గాల్లోకి తేలి బరువంతా కుడి మోకాలి మీదే. అలా రోజుకి రెండొందల ప్యాకెట్లు. పక్కనే స్టూలు ఉంది, దాని మీద ఉల్లిపాయల గంప.

"పొద్దున వాకింగ్ ఎలా కుదురుతుంది మేడమ్, మీరే చెప్పండి" అన్నారు ప్యాకెట్ కడుతూనే. అయిదింటికి కూరలు తరగడం, ఆరింటికి పొయ్యి, పదకొండుకి మొదటి గిరాకీ, రెండున్నర దాకా షాపు, తర్వాత నాలుగు దాకా నడుం వాల్చి, మళ్ళీ రాత్రి గిరాకీకి వంట, తొమ్మిదిన్నరకి షట్టర్. ఉదయం వేళ మంచిది అని రాసిచ్చాను నేను. ఊళ్ళో వాకింగ్ అనగానే మనకి గుర్తొచ్చే స్టేడియం, రాజీవ్ గాంధీ పార్కు, బ్యారేజీ, వీటన్నిటికీ టైము తెల్లవారుజామే, ఆ టైములో ఇంట్లో కాఫీ ఎవరో ఒకరు పెట్టిస్తే బయల్దేరేవాళ్ళకి కుదిరే టైము అది. ఆ ఎవరో ఒకరికి ఆ టైము కుదరదు. ఇంత చిన్న విషయం పద్దెనిమిదేళ్ళ ప్రాక్టీసు తర్వాత, కర్రీ పాయింట్‌లో ఉల్లిపాయల గంప పక్కన తట్టింది నాకు.

"మరి రాత్రి భోంచేశాక?"

"రాత్రిపూట ఒక్కదాన్నా?" అని ఆగారు. "నలుగురుంటే వస్తాను."

నలుగురు

నలుగురిని పోగేయడం నా పని కాదనుకునేదాన్ని. ఫిజియోథెరపిస్టు వ్యాయామం చెప్తుంది, పేరంటం పిలవదు కదా. కానీ నా రిజిస్టర్ తిరగేస్తే చుట్టుపక్కల వీధుల్లోనే నలభై అయిదు నుంచి అరవై లోపు ఆడవాళ్ళు, నేను "వాకింగ్ చేయండి" అని రాసిచ్చినవాళ్ళు, చేయనివాళ్ళు, బోలెడుమంది. తొమ్మిదిమందికి ఫోన్ చేశాను. ముగ్గురు వస్తామన్నారు. బ్లౌజులు కుట్టే ఆవిడ, 45, నడుము నొప్పి. రిటైరైన బ్యాంకు ఉద్యోగి భార్య, 61, షుగర్‌కి మాత్రలు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య, 40, ఏ జబ్బూ లేదు, "అమ్మగారూ, నేనూ రావచ్చా" అని తనే అడిగింది. ఎండాకాలం సెలవుల్లో ఒక ప్రైవేటు స్కూలు టీచరు, 48, వచ్చి కలిశారు. ఈవిడ సంగతి తర్వాత వస్తుంది.

ఇంకొక మనిషిని ఒప్పించాలి, కాటా దగ్గర కూర్చునే ఆయన్ని. "ఈ వయసులో రాత్రిళ్ళు రోడ్ల మీద తిరుగుళ్ళేంటండీ" అన్నారు. నేను వాదించలేదు. తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర మధ్య ఎన్ని ప్యాకెట్లు పోతాయో ఒక వారం రాసి చూడమన్నాను. వారం తర్వాత ఆయనే చెప్పారు, అయిదారుకి మించట్లేదట, అవి కూడా బేరమాడి తీసుకెళ్ళేవేనట. షట్టర్ తొమ్మిదికి దిగడం మొదలైంది. ఈ కేసులో ఏ వ్యాయామం పనిచేసిందని ఎవరైనా అడిగితే, ముందు షట్టర్ అని చెప్తాను.

శివరాత్రి వెళ్ళిన సోమవారం మొదలుపెట్టారు. చోటు బీఆర్టీఎస్ రోడ్డు, పాత రైలు పట్టాలు తీసేసిన చోట వేసిన రోడ్డు, వెడల్పు, లైట్లున్నాయి, రాత్రి పదింటిదాకా జనం ఉంటారు. వాట్సాప్ గ్రూపు పేరు "తొమ్మిదింపావు". పేరు పెట్టింది టైలరమ్మ.

చెప్పుల గొడవ వారం నడిచింది. బూట్లు కొనుక్కోమంటే "చీర కిందా?" అని అందరూ ఒకే రకంగా నవ్వారు. ఆఖరికి మడమ వెనక పట్టీ ఉండి, అట్ట మందంగా, వెల్క్రోతో బిగించుకునే సాండల్స్ దగ్గర రాజీపడ్డాం. బట్టల విషయంలో మాత్రం నేను వేలు పెట్టలేదు. మన వీధుల్లో రాత్రిపూట ఆడవాళ్ళ యూనిఫాం ఒకటుంది, నైటీ, పైన చున్నీ. అందులోనే వచ్చారు. నడకకి చీర కంటే అదే నయం, కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడవు.

డోసు ఈసారి చిన్నది. అన్నం తిన్నాక పది నిమిషాలు, వారానికి అయిదు రాత్రులు. వారానికి రెండు నిమిషాల చొప్పున పెంచుకుంటూ ముప్పైకి రావాలి, అయిదు ముప్పైలు నూట యాభై, పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అదే. అంత నడిచినా కండరాల బలానికి వారానికి రెండు రోజులు వేరే వ్యాయామం చేయాలని కూడా అదే చెప్తుంది, ఆ రెండో మాట అందరూ మర్చిపోతారు. ఈవిడకి బలం వ్యాయామం షాపులోనే పెట్టాం. స్టూలు మీది ఉల్లిపాయలు కిందికి దిగాయి, గుండిగలో అన్నం ఉడికేలోపు చేతులు కట్టుకుని స్టూలు మీంచి పదిసార్లు లేచి కూర్చోవడం, రోజుకి రెండు గుండిగలు. ప్యాకెట్లు కట్టేటప్పుడు ఒక ఇటుక తెచ్చి దాని మీద ఒక కాలు, పావుగంటకోసారి కాలు మార్చడం.

భోజనం తర్వాత నడకకి ఇంకో లాభముంది. షుగర్ వచ్చే ప్రమాదమున్న పెద్ద వయసువాళ్ళ మీద 2013లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో ప్రతి భోజనం తర్వాత పావుగంట నడిచినవాళ్ళకి, ముఖ్యంగా రాత్రి భోజనం తర్వాతి షుగర్ బాగా అదుపులో ఉంది. చిన్న అధ్యయనమే, పదిమంది. అయినా మనం రాత్రి అన్నం తిని టీవీ ముందు కూర్చునే జాతి కాబట్టి నాకది నచ్చింది.

ఎంత వేగంగా నడవాలి అంటే, మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఇది చెప్పాల్సిన అవసరమే రాలేదు, మాటలు ఆగితే కదా. అయితే ఒక నియమం గట్టిగా పెట్టాను. అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి ముందు, మిగతావాళ్ళు వెనక. వేగం కావాలంటే ముందుకెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి కలవాలి, అంతేగానీ దూరంగా నిలబడి "రండి రండి" అని చెయ్యి ఊపకూడదు. ఎందుకంటే ముందున్నవాళ్ళు ఆగి ఎదురుచూస్తారు, వెనక మనిషి ఆయాసపడుతూ చేరగానే వాళ్ళు మళ్ళీ కదులుతారు, అంటే విశ్రాంతి అవసరం లేనివాళ్ళకి విశ్రాంతి, అవసరమైన మనిషికి పరుగు. ఇలా రెండు వారాలు నడిస్తే ఆ మనిషి మూడో వారం "ఇంట్లో చుట్టాలొచ్చారు" అంటుంది.

మొదటి నెల బాగా నడిచింది. ఏప్రిల్ ఆఖరుకి ఎండలు ముదిరి, రాత్రి తొమ్మిదికి కూడా తారు వేడి కక్కుతుంటే తలా ఒక సీసా మంచినీళ్ళు పట్టుకుని వెళ్ళారు. కుక్కల కోసం అరవై ఒకటావిడ గొడుగు తెచ్చేవారు, వాన లేకపోయినా. ఒక రాత్రి బండి మీద ఇద్దరు కుర్రాళ్ళు ఏదో వాగి పోయారట, ఐదుగురూ ఒకేసారి ఆగి వెనక్కి తిరిగి చూసేసరికి మళ్ళీ ఆ దారిలో కనపడలేదట. పునుగుల బండి ప్రమాదం మాత్రం అలాగే ఉంది. వారానికి ఒక్కసారి అని ఒప్పందం చేసుకున్నారు, నిలబెట్టుకున్నారో లేదో నేను అడగలేదు.

నా పదివేల అడుగులు

జూన్ ఆఖరు వారంలో ఆవిడ కుంటుకుంటూ వచ్చారు. కుడి మోకాలు వాచింది, చిప్ప పక్కన నొక్కితే నీరు తెలుస్తోంది, వేడిగా ఉంది, నొప్పి ఏడు. ఏం జరిగిందంటే చెప్పరు. ఫోన్ అడిగాను, గ్రూపు తెరిచి చూపించారు. మే నెలంతా రోజూ రాత్రి అడుగుల లెక్క స్క్రీన్‌షాట్లు. మొదటిది టీచరుగారిది, 11,240, కింద చప్పట్లు. ఆవిడ కాలేజీలో కబడ్డీ ఆడిన మనిషి, ఉత్సాహం ఎక్కువ, చెడ్డ ఉద్దేశం రవ్వంత లేదు. వాచ్‌మన్ భార్యవి ఏమీ చేయకుండానే తొమ్మిది వేలు, ఆమె పనే అంత. ఈవిడవి నాలుగు వేల చిల్లర. ఆ పైన, ఏప్రిల్లో ఒకరోజు, ఈవిడే పెట్టిన ఫోటో ఒకటి: నా చీటీ. నా చేతిరాతతో "లక్ష్యం 10,000 అడుగులు". డాక్టరమ్మే రాసింది కదా అని ఆవిడ షాపు మూశాక గంటన్నర, రెండు గంటలు నడిచారు, మిగతావాళ్ళు వెళ్ళిపోయాక మేడ మీద ఒక్కరే తిరిగి మరీ లెక్క పూర్తి చేశారు.

ఆ పదివేలు ఎక్కడిది? 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చారు, దాని పేరుకి అర్థమే పదివేల అడుగుల మీటరు. గుండ్రని అంకె, నోటికి బాగుంది, లోకమంతా పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను, ఏళ్ళ తరబడి చీటీల మీద రాస్తూ వచ్చాను, ఒక్కసారి కూడా పేషెంటు కాళ్ళతో లెక్క కట్టలేదు. ఆ రోజు కట్టాను. సెల్లార్‌లో ఆవిడ నడిచింది నిమిషానికి 52 మీటర్లు. ఆవిడ అడుగు అరవై సెంటీమీటర్లు అనుకున్నా పదివేల అడుగులంటే ఆరు కిలోమీటర్లు, ఆ వేగంతో దాదాపు రెండు గంటలు. రోజంతా నిలబడ్డ మనిషికి, వాచే మోకాలికి, రెండు గంటలు రాసిచ్చాను నేను. పైగా పక్కనే 45 నిమిషాలు అనీ రాశాను, రెండూ ఒకదానికొకటి పొసగవని కూడా చూసుకోలేదు.

"తప్పు నాది, మీది కాదు" అన్నాను. ఆవిడ నమ్మలేదనుకుంటాను. వయసులో ఉన్నప్పుడు ఇలా ఉండేదాన్ని కాదు అంటూ ఏడ్చారు. పన్నెండు రోజులు నడక ఆపేశాం, ఐస్, వాపు దిగాక కూర్చుని చేసే తొడ వ్యాయామాలు, ఎముకల డాక్టరు వారం మాత్రలిచ్చారు. అయితే బ్యాచ్‌కి మాత్రం రావడం ఆపనివ్వలేదు. తొమ్మిదింపావుకి వచ్చి రోడ్డు పక్కన అరుగు మీద కూర్చునేవారు, వాళ్ళు చుట్టు తిరిగి వచ్చేదాకా సామాన్లకి కాపలా. ఇది టైలరమ్మ ఆలోచన. నా అనుభవంలో ఒకసారి రావడం తప్పినవాళ్ళు మోకాలు బాగయ్యాక కూడా రారు, సిగ్గు అడ్డొస్తుంది.

జూలై రెండో వారంలో మళ్ళీ పది నిమిషాలతో మొదలు. అడుగుల లెక్క గ్రూపులో పెట్టకూడదని తీర్మానం, టీచరుగారే ముందు ఒప్పుకున్నారు. బదులుగా ఒక్క ప్రశ్న: నడిచొచ్చిన రెండు గంటల తర్వాత నొప్పి, బయల్దేరేముందు ఉన్నదాని కంటే ఎక్కువుందా? ఉంటే మర్నాడు తగ్గించాలి. తొమ్మిదింపావుకి నడిచేవాళ్ళు రెండు గంటల తర్వాత నిద్రలో ఉంటారు కాబట్టి, పడుకునేముందు ఒకసారి, పొద్దున మంచం దిగేటప్పుడు ఒకసారి చూసుకోమన్నాను.

ఇంకో రెండు సంగతులు. ఆగస్టు 16, వరలక్ష్మీ వ్రతం రాత్రి. అరవై ఒకటావిడ పేరంటాలన్నీ తిరిగి, షుగర్ మాత్ర ఎనిమిదింటికి వేసుకుని, అన్నం వచ్చి తిందాంలే అని నడకకి వచ్చేశారు. రెండో చుట్టులో చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. మందుల షాపులో చూస్తే షుగర్ 62. డెబ్భై కిందికి దిగితే ఆగి చూసేది లేదు. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట కూర్చోబెట్టి మళ్ళీ చూస్తే 94, అప్పుడు ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టారు. నేను ఇన్ని రాసిచ్చినదాన్ని, మాత్రల సంగతి బ్యాచ్‌లో ఎవరికీ చెప్పి ఉంచలేదు. అప్పటి నుంచి తినకుండా ఎవరూ రోడ్డెక్కకూడదు, గొడుగుతో పాటు చిన్న డబ్బాలో పంచదార. ఆవిడ మాత్రల టైము ఫిజీషియన్‌తో మాట్లాడి మార్పించుకున్నారు.

సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి వరద. మా వీధుల్లోకి నీళ్ళు రాలేదు కానీ సింగ్ నగర్ మునిగింది, వాచ్‌మన్ భార్య తల్లిగారిల్లు అక్కడే. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయని వింటూ కూర్చున్న ఆ రెండు మూడు రోజులు ఎవరికి వాకింగ్ గుర్తుంటుంది. కర్రీ పాయింట్‌లో పులిహోర, పెరుగన్నం ప్యాకెట్లు కట్టారు, ఈవిడ, టైలరమ్మ, టీచరుగారు, తెల్లవార్లూ. మూడు వారాలు నడక లేదు. నేను ఫోన్ చేయలేదు, చేయాలనిపించలేదు. నాలుగో వారం సోమవారం రాత్రి గ్రూపులో ఒకే మాట కనపడింది, "తొమ్మిదింపావు?", కింద నాలుగు బొటనవేళ్ళు.

ఏడాది తర్వాత

2025 మార్చి, అదే సెల్లార్, అదే సుద్దగీత. ఆరు నిమిషాల్లో 412 మీటర్లు, స్తంభం పట్టుకోలేదు. కుర్చీ పరీక్ష 13. నొప్పి "రెండు, పని ఎక్కువైన రోజు మూడు". మడవడం 125 డిగ్రీలు. బరువు 73.8, నడుము 93. హెచ్‌బీఏ1సీ 5.9, ఇంకా ప్రీడయాబెటిస్‌లోనే ఉన్నారు. బీపీ అదే మాత్ర మీద 130/82. ఎక్స్‌రే మళ్ళీ తీయించలేదు, తీయిస్తే అరుగుదల అలాగే ఉంటుంది, గుజ్జు తిరిగి పుట్టదు.

బరువు నాలుగు కిలోలేనా అనిపించొచ్చు. మోకాలి దగ్గర ఆ లెక్క వేరు, ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో మోకాళ్ళు అరిగినవాళ్ళ మీద చేసిన అధ్యయనం చూపించింది. ఇందులో నడక వాటా ఎంత, ఇటుక వాటా ఎంత, రాత్రి అన్నం తగ్గించడం వాటా ఎంత అంటే ఒక్క కేసుతో విడదీయలేను. వాకింగ్ గ్రూపుల మీద 2015లో వచ్చిన సమీక్ష ఒకటుంది, 42 అధ్యయనాలు, 1843 మంది. బీపీ, గుండె వేగం, ఒంట్లో కొవ్వు, ఆరు నిమిషాల నడక, దిగులు, అన్నిట్లోనూ మెరుగుదల ఉంది, కొన్నిట్లో కొద్దిగానే. అందులో నాకు ముఖ్యంగా కనిపించింది, మధ్యలో మానేసినవాళ్ళు తక్కువ. నేను ఒంటరిగా నడవమని రాసిచ్చిన చీటీలకి అంత అదృష్టం ఎప్పుడూ పట్టలేదు.

ఇప్పుడు చీటీ మీద 45 నిమిషాలు అని రాయడం మానేశాను. ఎన్నింటికి, ఏ చెప్పులతో, ఎక్కడ, ఎవరితో, అలసిపోతే కూర్చోవడానికి అరుగెక్కడ, ఈ అయిదూ అడిగి రాస్తాను. ఒక్కో పేషెంటుకి పది నిమిషాలు ఎక్కువ పడుతోంది, బయట కూర్చున్నవాళ్ళు విసుక్కుంటున్నారు.

పరీక్షలన్నీ అయ్యాక ఆవిడ సంచిలోంచి చిన్న ప్యాకెట్ తీసి బల్ల మీద పెట్టారు. లడ్డు. ఫిబ్రవరిలో వెళ్ళొచ్చారట, నాకు చెప్తే వద్దంటానని చెప్పలేదట. అలిపిరి కాదు, శ్రీవారి మెట్టు, 2388 మెట్లు. టైలరమ్మ, వాచ్‌మన్ భార్య తోడు. మూడు గంటల పది నిమిషాలు, ప్రతి యాభై మెట్లకి ఒకసారి కూర్చుంటూ, ఈవిడ ముందు, వాళ్ళిద్దరూ వెనక. దిగడం బస్సులో. "దిగేటప్పుడే మోకాలికి ఎక్కువ దెబ్బ అన్నారు కదా మేడమ్, అది గుర్తుంది." వచ్చాక నాలుగు రోజులు వాచింది, ఐస్ పెట్టుకున్నారు, అయిదో రోజు షాపు తెరిచారు.

ఫైల్లో దీన్ని ఫలితం కింద రాయాలా కాంప్లికేషన్ కింద రాయాలా తేలక రెండు చోట్లా రాశాను. మొదటి రోజు పెట్టిన ప్రశ్నార్థకం మాత్రం కొట్టేశాను.